పిల్లల మైదానానికి కావలి ఎవరు?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, కోయంబత్తూరు పీళమేడు నుంచి మదురై దగ్గరి తిరుమంగళం దాకా గోడల మీద శిబిరాల పోస్టర్లు వెలుస్తాయి. కబడ్డీ, సిలంబం, బాస్కెట్‌బాల్, కరాటే, స్కేటింగ్. ఫీజు ఎంతో, పొద్దున ఎన్ని గంటలకు రావాలో, టీషర్టు ఇస్తారో ఇవ్వరో అన్నీ రాసి ఉంటాయి. నేర్పేవాడి గురించి పోలీసులను వాకబు చేశారా అన్న ఒక్కటి ఉండదు. వాకబు చేసి తీరాలని దేశంలో నిబంధన ఉందని క్లబ్బు నడిపేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. ఆ నిబంధన చుట్టూ ఉన్న కొన్ని సంగతులివి. కొన్ని తమిళనాడులోని మన తెలుగు పాళేల్లోవి, కొన్ని సముద్రాల అవతలివి.

నిబంధనలో పేరు పెట్టి చెప్పారు

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆ ఏడాది నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే అమల్లోకి తెచ్చారు. దాని కింద 2020 మార్చిలో కొత్త నిబంధనలు వెలువడ్డాయి. వాటిలో మూడో నిబంధన చూడండి. పిల్లలు ఉండే చోటైనా సరే, పిల్లలతో తరచూ పని ఉండే చోటైనా సరే, అక్కడి సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ జరిగి తీరాలంటుంది. బడులు, శిశు సంరక్షణ కేంద్రాల పక్కనే 'స్పోర్ట్స్ అకాడమీలు' అని పేరు పెట్టి మరీ చెప్పింది. నేర్పేవాళ్ళే కాదు, నేర్పని సిబ్బందీ అందులోకి వస్తారు. పర్మనెంటు ఉద్యోగులూ వస్తారు, కాంట్రాక్టు మనుషులూ వస్తారు. ఒకసారి చేసి ఫైలులో పెట్టేస్తే చాలదు, కొంతకాలానికోసారి మళ్ళీ చేయించాలి. పిల్లల భద్రత గురించి సిబ్బందికి శిక్షణా ఇప్పించాలి.

అంటే గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్, పిల్లలను తెచ్చి దింపే వ్యాను డ్రైవరు, నీళ్ళ క్యాన్లు మోసే కుర్రాడు, అందరూ లెక్కలోకి వస్తారు. మన క్లబ్బుల్లో వెరిఫికేషన్ అనే మాట వస్తే కోచ్ ఒక్కడి గురించే ఆలోచిస్తాం. నిబంధన చూపు అంతకంటే చాలా వెడల్పు.

జీతం తీసుకోని మనిషి

అదే నిబంధనను ఇంకోసారి నెమ్మదిగా చదివితే ఒక ఖాళీ కనబడుతుంది. అది మాట్లాడేది సిబ్బంది గురించి, ఉద్యోగుల గురించి. వాలంటీర్ల పేరు విడిగా ఎక్కడా లేదు.

మన పాళేల్లో ఆటలు నడిచేది ఎక్కువగా ఆ పేరు లేనివాళ్ళ మీదే. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు, నూటికి 5.87 మంది. కోయంబత్తూరు చుట్టూ పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం, పాపనాయక్కన్‌పాళయం లాంటి పేర్లు చూస్తేనే అక్కడ ఎవరు స్థిరపడ్డారో తెలుస్తుంది. ఇలాంటి చోట సంఘం మండపం వెనకున్న ఖాళీ స్థలమే మైదానం. మిల్లులో షిఫ్టు దిగివచ్చి పిల్లలకు వాలీబాల్ నేర్పే మామ ఒకరు, పొద్దున్నే సిలంబం కర్ర తిప్పడం నేర్పే ఆసాన్, అంటే గురువు ఒకరు, టోర్నమెంటుకు తన వ్యానులో పిల్లలను తీసుకెళ్ళే అన్న ఒకరు. ఎవరికీ జీతం లేదు. వాళ్ళ పుణ్యానే పిల్లలు ఆటలో నిలబడతారు.

అలాంటి మనిషిని కాగితం అడగడానికి నోరు రాదు. "మనవాడే కదా, వాళ్ళ నాన్న మాకు తెలుసు" అనేస్తాం. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. ఐదు వందల ఏళ్ళుగా పరాయి నేల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలిచిన జనానికి 'మనవాడు' అన్న మాట చాలా విలువైనది. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటేటా అచ్చువేసే లెక్కల్లో ఒక సంగతి మారకుండా కనిపిస్తోంది. పోక్సో చట్టం కింద నమోదైన లైంగిక దాడి కేసుల్లో నూటికి తొంభైకి పైగా వాటిలో నిందితుడు ఆ బిడ్డకు ముందే తెలిసినవాడే. తెలిసినవాడు కాబట్టి భయం లేదనుకునే చోటే విచారణ అవసరం ఎక్కువ. నిబంధన వాలంటీరు పేరెత్తకపోయినా క్లబ్బు తన నియమావళిలో ఆ పేరు రాసుకుంటే ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

కావలి కాసిన పాళెగాళ్ళు

మదురైలో 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు రాజ్యం నిలిపి, దాన్ని 72 పాళేలుగా పంచాడు. మదురై కోటకున్న 72 బురుజులకు తగ్గట్టు ఈ లెక్క కుదిరిందని చెబుతారు. ఆ పాళేలను ఏలిన పాళెగాళ్ళలో చాలామంది తెలుగు నాయకర్లు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఇంగ్లీషువాళ్ళు ఉరి తీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన కూడా కంబళత్తు నాయకర్ల ఇంటివాడే.

పాళెగాడి పనుల్లో ఒకటి కావలి. ఊళ్ళకూ, దారులకూ, పంటలకూ కాపలా కాసి, అందుకు ఊరివాళ్ళ దగ్గర రుసుము తీసుకునేవాడు. ఇందులో నన్ను ఆకట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. కాపలా ఉండగా సొత్తు పోతే, కావలివాడు దాన్ని వెతికి తెచ్చి ఇవ్వాలి, లేదా దాని విలువ తన చేతి నుంచి కట్టాలి. "నాకు తెలియకుండా జరిగింది" అంటే చెల్లేది కాదు. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ ప్రభుత్వం పాళెగాళ్ళ ఆయుధాలు లాక్కుని కావలి హక్కులూ రద్దు చేసింది.

ఈ కావలి ఏర్పాటు మంచిచెడులు చరిత్రకారులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు, దాని పేరున దౌర్జన్యాలూ జరిగాయి. అయినా రుసుము తీసుకున్నవాడే జవాబుదారీ అన్న లెక్క సూటిగా ఉంది. పిల్లాడి తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకున్న అకాడమీకి ఇప్పటి చట్టం పెట్టే లెక్కా అదే.

రెండు పేర్ల మనిషి

2002 ఆగస్టులో ఇంగ్లండులోని సోహమ్ అనే చిన్న ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్లలిద్దరు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇయాన్ హంట్లీ అక్కడి పాఠశాలలో కేర్‌టేకర్. ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు అతని గురించి పోలీసులను అడిగారు. అంటే వాకబు జరిగింది. కానీ అప్పుడు అతను నిక్సన్ అనే పేరుతో తిరుగుతున్నాడు. పాత పేరు హంట్లీ అని దరఖాస్తులో తనే రాశాడు కూడా. పోలీసు కంప్యూటరులో మాత్రం నిక్సన్ పేరు మీద వెతికి ఏమీ లేదన్నారు. పాత ఊళ్ళో అతని మీద వచ్చిన ఆరోపణల వివరాలను అక్కడి పోలీసులు సరిగా భద్రపరచలేదు. సర్ మైకేల్ బిచర్డ్ విచారణ 2004లో ఈ లోపాలన్నీ బయటపెట్టింది. 2006లో ఆ దేశంలో కొత్త చట్టం రావడానికి అదే కారణం.

ఈ కథ మదురై, కోయంబత్తూరు తెలుగువాళ్ళు జాగ్రత్తగా వినవలసింది. మన దగ్గర ఒక మనిషికి రెండు పేర్లుండటానికి దొంగబుద్ధే అక్కర్లేదు. ఆవారంపాళయంలో ఆర్. శ్రీనివాసన్ అనే ఒక మనిషి ఉన్నాడనుకుందాం. ఆ 'ఆర్' తండ్రి రామస్వామి. ఇంటిపేరు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు, ఏ సర్టిఫికెట్టులోనూ ఉండదు. అదే మనిషి చిత్తూరులోనో, నెల్లూరులోనో పదేళ్ళు పనిచేసి ఉంటే అక్కడి కాగితాల్లో ఇంటిపేరు ముందుకొచ్చి శ్రీనివాసులు అయ్యుంటాడు. ఇంకో చిక్కు, తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకూ ఒకటే. గోపాల్‌స్వామి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కోలా మారతాడు.

అందుకే దరఖాస్తులో ఒక్క పేరు అడిగితే చాలదు. తండ్రి పేరు, ఇంటిపేరు, పాత కాగితాల్లో ఉన్న పేర్లు, ఇంతకుముందు కాపురమున్న ఊళ్ళు, పని చేసిన చోట్లు అన్నీ రాయించుకోవాలి. గత పదేళ్ళలో వేరే రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలోనూ వాకబు జరగాలి. ఏం పేరుతో అడిగామన్నదాన్ని బట్టే పోలీసుల జవాబు ఉంటుంది.

కృష్ణగిరి శిబిరం

తమిళనాడులో తెలుగు బాగా వినబడే జిల్లాల్లో కృష్ణగిరి ఒకటి. 2024 ఆగస్టులో ఆ జిల్లా బర్గూరు దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఎన్‌సీసీ పేరుతో శిబిరం జరిగింది. పిల్లలు రాత్రుళ్ళు బడిలోనే ఉన్నారు. శిబిరంలో ఒక బాలిక మీద లైంగిక దాడి జరిగిందని, మరికొందరిని వేధించారని కేసు నమోదయ్యాక అసలు సంగతి తెలిసింది. ఆ బడికి ఎన్‌సీసీ దళమే లేదు. శిబిరం పెట్టిన మనిషికీ ఎన్‌సీసీకీ సంబంధం లేదని ఆ సంస్థే ప్రకటించింది. యూనిఫారం చూశారు, మాట చూశారు, లోపలికి రానిచ్చారు. జరిగింది తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణ మీద బడి పెద్దలనూ అరెస్టు చేశారు.

ఇక్కడ నేర చరిత్ర సర్టిఫికెట్టు దాకా పోనక్కర్లేదు. ఎన్‌సీసీ కార్యాలయానికి ఒక్క ఫోను చేసి ఉంటే చాలు, ఆ గేటు తెరుచుకునేది కాదు. పూర్వాపరాల విచారణలో మొదటి మెట్టు ఇదే. తానెవరని చెప్పుకుంటున్నాడో నిజంగా అతను అతనేనా? ఫలానా ఫెడరేషన్ లైసెన్సు ఉందంటే ఫెడరేషన్‌ను అడగాలి. ఫలానా కాలేజీలో వ్యాయామ విద్య చదివానంటే కాలేజీని అడగాలి. ఇంతకు ముందు నేర్పిన క్లబ్బును ఎందుకు మానేశాడో ఆ క్లబ్బు సెక్రటరీనే అడగాలి. ఈ మూడు ఫోన్లకు ఖర్చేమీ లేదు.

ఊరంతా సంతకం పెట్టినా

1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో థామస్ హామిల్టన్ అనేవాడు 16 మంది పిల్లలనూ, వాళ్ళ టీచరునూ కాల్చి చంపాడు. ఈ ఘోరం గురించి చాలామంది విన్నారు. అతను ఏళ్ళ తరబడి మగపిల్లల ఆటల క్లబ్బులు నడిపాడన్నది అంతగా గుర్తుండదు. 1974లోనే స్కౌట్ సంస్థ అతన్ని నాయకత్వం నుంచి తప్పించింది. అతను తర్వాత సొంత క్లబ్బులు పెట్టుకున్నాడు. బడుల వ్యాయామశాలలు అద్దెకు తీసుకుని పిల్లలను పోగేశాడు. స్థానిక అధికారులు హాలు ఇవ్వబోమంటే పైకి ఫిర్యాదు చేసి గెలిచాడు. కొందరు తల్లిదండ్రులు అతనికి మద్దతుగా సంతకాలు కూడా చేశారు.

లార్డ్ కలెన్ విచారణ నివేదిక తుపాకుల చట్టాల గురించే కాక, పిల్లల క్లబ్బులు నడిపేవాళ్ళకు గుర్తింపు ఇచ్చే ఏర్పాటు ఉండాలని కూడా సిఫారసు చేసింది. ఒక సంస్థ వెళ్ళగొట్టిన మనిషి ఇంకో వీధిలో కొత్త బోర్డు పెట్టుకోవడం అక్కడే కాదు, ఏ దేశంలోనైనా తేలికే. మన ఊళ్ళలో కరాటే క్లాసు పెట్టడానికి ఒక టెర్రస్, ఒక బ్యానరు ఉంటే సరిపోతుంది.

ఆ జాబితా మనం చూడలేం

2018 సెప్టెంబరు 20న కేంద్ర హోం శాఖ లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ ప్రారంభించింది. మొదటి రోజుకే 4.4 లక్షల నమోదులు అందులో ఉన్నాయి. అయితే దాన్ని పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలవు. అమెరికాలో లాగా వెబ్‌సైటు తెరిచి మా వీధిలో ఎవరున్నారని చూసుకునే ఏర్పాటు ఇక్కడ లేదు. అలా తెరిచి పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. శిక్ష అనుభవించి వచ్చినవాడి మీద వీధి మూకలు పడటం మనకు కావలసింది కాదు, ఆ మనిషి పిల్లల మధ్య పనికి కుదరకుండా చూడటమే కావాలి. ఆ పనికి పోలీసుల ద్వారా వెళ్ళే వెరిఫికేషనే దారి.

తమిళనాడు పోలీసు శాఖ ఈ వెరిఫికేషన్‌కు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు తీసుకుంటోంది. అద్దెకు దిగేవాళ్ళ గురించి, ఇంటి పనివాళ్ళ గురించి అడిగినట్టే ఉద్యోగంలో పెట్టుకోబోయే మనిషి గురించీ అడగవచ్చు. మనిషి తనంతట తానుగా తన సర్టిఫికెట్టు తీసుకోవచ్చు కూడా. మన క్లబ్బులకు ఇది చాలా అనువైన పద్ధతి అనిపిస్తుంది. సెక్రటరీ ఒక్కో కోచ్‌నూ విడిగా పిలిచి అడిగే ఇబ్బంది ఉండదు. కొత్త సీజన్ మొదలయ్యే ముందు అందరూ, సెక్రటరీతో సహా, తమ కాగితం తెచ్చి ఫైలులో పెడతారు.

ఇంకొకటి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా కోర్టుల కేసులను పేరు మీద వెతకవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఒకే పేరు వాళ్ళు వందల మంది ఉంటారు కాబట్టి అక్కడ పేరు కనబడగానే తీర్పు ఇచ్చేయకూడదు. తండ్రి పేరూ, ఊరూ కలిశాయో లేదో చూసి, ఆ మనిషినే అడిగి తేల్చుకోవాలి.

కాగితం శుభ్రంగా ఉన్న డాక్టరు

అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్‌కు 2018 జనవరిలో మిషిగన్ కోర్టు 40 నుంచి 175 ఏళ్ళ జైలు వేసింది. కోర్టులో 150 మందికి పైగా యువతులు, బాలికలు నిలబడి తమకు జరిగింది చెప్పారు. అతని గురించి తొలి మాటలు 1990ల చివర్లోనే పెద్దల చెవిన పడ్డాయని తర్వాత బయటపడింది. అన్నేళ్ళూ అతని నేర చరిత్ర ఖాళీగానే ఉంది. ఏ ఏడాది వెరిఫికేషన్ చేయించినా అతను పాసయ్యేవాడు.

వెరిఫికేషన్ గురించి ఇంత గట్టిగా మాట్లాడుతున్న నేనే చెబుతున్నాను, అది పట్టుకునేది ఇంతకుముందు పట్టుబడ్డవాణ్ణే. మిగిలిన పని మైదానం నియమాలు చేయాలి. అమెరికాలో 2017లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రం పెట్టిన నియమాల్లో ఒకటి చాలా పనికొచ్చేది. పెద్దమనిషి, పిల్ల లేదా పిల్లాడు ఇద్దరే ఉండే సందర్భం ఏదైనా, ఇంకొకరికి కనబడేలా, ఎవరైనా మధ్యలో వచ్చి ఆపగలిగేలా ఉండాలి.

దీన్ని మన పాళయంలోకి తెచ్చుకుందాం. ప్రత్యేక శిక్షణ అంటూ తలుపు వేసిన గదిలో ఒక్క పిల్లనే కూర్చోబెట్టకూడదు. టోర్నమెంటు నుంచి రాత్రి తిరిగి వచ్చేటప్పుడు కోచ్ బండి మీద ఒక్క పిల్లాడినే ఇంటి దగ్గర దింపకూడదు, ఇద్దరైనా ఉండాలి. కాలు బెణికితే మర్దన తల్లో తండ్రో ఉండగా చేయాలి. వాట్సాప్ మెసేజీ ఏదైనా పిల్లకు నేరుగా కాక తల్లిదండ్రులున్న గ్రూపులో పెట్టాలి. బయటి ఊరు వెళ్తే కోచ్ గది వేరు, పిల్లల గది వేరు. వీటికి ఏ పోలీసు స్టేషనూ అక్కర్లేదు, సంఘం కార్యవర్గం ఒక్క సాయంత్రం కూర్చుంటే రాసుకోవచ్చు.

మన దేశంలోనూ ఈ దారిలో కదలిక వచ్చింది, దెబ్బ తగిలాకే వచ్చింది. 2010 నుంచి పదేళ్ళలో భారత క్రీడా ప్రాధికార సంస్థకు అందిన లైంగిక వేధింపు ఫిర్యాదులు 45 అని, వాటిలో 29 కోచ్‌ల మీదే అని సమాచార హక్కు ద్వారా 2020లో బయటికొచ్చింది. 2022 జూన్‌లో విదేశంలో శిక్షణకు వెళ్ళిన ఒక మహిళా సైక్లిస్టు తన కోచ్ మీద ఫిర్యాదు చేశాక, మహిళా క్రీడాకారులు ప్రయాణం చేసే జట్టుతో మహిళా కోచ్ ఉండి తీరాలని ఆ సంస్థ ఆదేశించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టంలో సురక్షిత క్రీడా విధానం అన్న మాట చోటు చేసుకుంది. ఢిల్లీ నుంచి నరసింహనాయక్కన్‌పాళయం మైదానం దాకా అది నడిచి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అంతదాకా పిల్లలు ఆగలేరు.

ఎద్దుకు ఉన్నది

మదురై జిల్లా అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టులో వాడివాసల్ అనే గేటు దాటే ప్రతి ఎద్దుకూ పశువైద్యుడి సర్టిఫికెట్టు ఉండాలి. ఎద్దును పట్టే కుర్రాళ్ళు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, వైద్య పరీక్షలో నిలవాలి. ఊరు దీన్ని తప్పుపట్టలేదు, తన ఎద్దును అనుమానించారని ఎవరూ బాధపడలేదు. ఎద్దుల దొడ్డికి పెట్టుకున్న కట్టుబాటు పిల్లల శిబిరానికీ పెట్టుకోవచ్చు.

ప్రపంచంలో మిగతా చోట్ల

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2000లోనే పిల్లలతో పనిచేసేవాళ్ళకు ప్రత్యేక పరీక్ష మొదలుపెట్టింది. అక్కడ ఉద్యోగి ఫీజు కట్టాలి, వాలంటీరుకు ఉచితం. ఇంగ్లండులోనూ వాలంటీరుకు ఫీజు లేదు. మన ప్రభుత్వం చేయదగిన పని ఏదైనా ఒకటి చెప్పమంటే నేను ఇదే చెబుతాను. పొద్దున్నే లేచి ఉచితంగా పిల్లలకు ఆట నేర్పే మనిషి చేత సర్టిఫికెట్టు డబ్బు కూడా కట్టించకూడదు.

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ 2003 నుంచి ప్రతి స్థానిక లీగులోనూ వాలంటీర్లకు వెరిఫికేషన్ తప్పనిసరి చేసింది. పిల్లాడి జట్టుకు సాయం పట్టాలనుకునే తెలుగు నాన్న అక్కడ ఫారం నింపకుండా మైదానంలో అడుగు పెట్టలేడు.

జపాన్ చాలాకాలం ఈ ఏర్పాటు లేకుండానే నడిచింది. 2024 జూన్‌లో చట్టం చేసి, 2026 చివరికి అమల్లోకి తేవాలని గడువు పెట్టుకుంది. ఇంగ్లండు 2022లో ఇంకో అడుగు వేసింది. అధికారాన్ని అడ్డం పెట్టుకుని 16, 17 ఏళ్ళ పిల్లలను లొంగదీసుకునే వాళ్ళ మీది చట్టంలోకి, అప్పటిదాకా టీచర్ల లాంటి కొందరే ఉండగా, క్రీడా కోచ్‌లనూ తెచ్చింది. మన పోక్సో చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపు ఎవరైనా పిల్లలే. నమ్మకం, అధికారం ఉన్న స్థానంలో నిలబడి నేరం చేసినవాడికి ఎక్కువ శిక్ష అని మొదటి నుంచీ ఉంది. ఆ విషయంలో మన చట్టం ముందే మేలుకుంది.

మంచి కోచ్‌కు ఇది కవచం

కోయంబత్తూరుకు ఆటల పేరు ఊరికే రాలేదు. పీఎస్‌జీ సంస్థలు దశాబ్దాలుగా నడుపుతున్న అఖిల భారత బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఉంది. 2005లో ఫార్ములా వన్ బరిలో దిగిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ ఈ ఊరివాడే. 2024 జనవరిలో ఖేలో ఇండియా యువ క్రీడలు చెన్నై, తిరుచ్చిలతో పాటు మదురై, కోయంబత్తూరులోనూ జరిగాయి, సిలంబం అందులో ప్రదర్శన క్రీడగా నిలిచింది. వీటన్నిటి వెనకా పేరు రాని కోచ్‌లున్నారు, ఒక్కొక్కరు వందల పిల్లలను తీర్చినవాళ్ళు.

అలాంటివాళ్ళకు వెరిఫికేషన్ అవమానం అనిపించవచ్చు. ఒక్కరినే అడిగితే అవమానమే, అందరినీ అడిగితే అది పద్ధతి. ఇంకో సంగతి, నియమాలు లేని చోట ఒక పుకారు చాలు, పాతికేళ్ళ పేరు ఒక్క రాత్రిలో పోతుంది. గది తలుపు తెరిచే ఉంచిన కోచ్‌కు, ఒక్క పిల్లను బండి ఎక్కించని కోచ్‌కు, కాగితం ఫైలులో ఉన్న కోచ్‌కు సాక్ష్యం మైదానమే చెబుతుంది.

చెప్పకపోవడం నేరం

పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపే మనిషి తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా, జరిమానా కూడా. 2021 నవంబరులో కోయంబత్తూరును కుదిపేసిన ఒక పాఠశాల కేసులో ఉపాధ్యాయుడితో పాటు, ముందే తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ మీద ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. "సంఘం పరువు పోతుంది, పెద్దమనుషులు కూర్చుని మాట్లాడదాం" అనే పంచాయితీకి ఈ చట్టంలో చోటు లేదు.

చెప్పేవాళ్ళ భయాన్ని కూడా చట్టం పట్టించుకుంది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ నిలవదు. బిడ్డను స్టేషనుకు తీసుకెళ్ళనక్కర్లేదు. ఇంటికో, బిడ్డ కోరిన చోటికో పోలీసులే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. పేరు, ఫోటో, బడి, ఇల్లు ఏదీ పత్రికల్లో రాకూడదు.

ఫోను నంబర్లు రెండు. దేశమంతటా పిల్లల కోసం 1098, తమిళనాడులో బడి పిల్లలకు 14417. శిబిరం పోస్టరు అచ్చువేయించే క్లబ్బులు ఫీజు పక్కనే ఈ రెండు నంబర్లూ, కోచ్ వెరిఫికేషన్ ఏ తేదీన అయిందో వేయవచ్చు. పోస్టరు చూసిన తల్లిదండ్రులు, తేదీ లేకపోతే, అక్కడ రాసున్న నంబరుకే ఫోను చేసి అడగవచ్చు.